నుఖ్తా ఒకచోట, లకీర్ ఒకచోట

ఉర్దూ చదువుకున్నవాళ్ళకి నుఖ్తా విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. "దుఆ" రాసి మధ్య అక్షరం మీద ఒక్క చుక్క పెడితే అది "దగా" అయిపోతుంది. "ఖుదా" నెత్తిమీది చుక్క జారి కిందికొస్తే "జుదా" అవుతుంది. ఉర్దూ మీడియం బడుల్లో ఉస్తాద్‌లు చుక్క దగ్గర అంత సఖ్తీగా ఉండేది అందుకే. ఆ సఖ్తీ ఇప్పుడు కాగితం మీద కాదు, భూమి పటం మీద కావాల్సి వచ్చింది. మన మసీదు, మన ఖబరస్తాన్, మన ఈద్గా, మన అబ్బాజాన్ వదిలిపోయిన ఎకరం చెక్క, అన్నీ ఇవాళ కంప్యూటర్‌లో చుక్కలుగానో గీతలుగానో మారుతున్నాయి. చుక్క ఒకచోట, గీత ఒకచోట పడితే ఏమవుతుందన్న ఫికర్ మాత్రం మన ఇళ్ళల్లో ఇంకా పుట్టలేదు.

ముందు హాలాత్ ఏమిటో చెప్పుకుందాం.

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చింది. జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచింది. రిజిస్టర్ అయిన ప్రతి వక్ఫ్ జాయిదాద్ వివరాలూ ఆరు నెలల్లో జియోట్యాగ్‌తో సహా అందులో ఎక్కించాలన్నారు. గడువు పెంచమని అడిగితే డిసెంబర్ 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఇబ్బంది ఉన్నవాళ్ళు ట్రిబ్యునల్‌కి వెళ్ళమంది. దాంతో ఊరూరా ముతవల్లీలూ కమిటీ సదర్‌లూ పాత కాగజ్‌లు ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని పరుగులు పెట్టారు. జియోట్యాగ్ అంటే మామూలు భాషలో ఏమిటి? ఆ స్థలంలో నిలబడి అక్షాంశం, రేఖాంశం నమోదు చేయడం. అంటే ఒక నుఖ్తా పెట్టడం.

ఇంకోవైపు మన రాష్ట్రంలో భూముల రీసర్వే. 2020 డిసెంబర్ 21న అప్పటి కృష్ణా జిల్లాలోనే, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలైంది. డ్రోన్లతో ఫొటోలు తీసి, ఉపగ్రహాల నుంచి సెంటీమీటర్ల లెక్కన కొలత ఇచ్చే రోవర్లతో నేలమీద సరిచూసి, ప్రతి కమతానికీ కొత్త పటం గీస్తున్నారు. సర్కార్లు మారాయి, పాసు పుస్తకాల మీద బొమ్మలు మారాయి, ఫిర్యాదులు కుప్పలు పడ్డాయి. అయినా 2025లో రీసర్వే మళ్ళీ మొదలైంది. ఇది గీసేది లకీర్లు.

ఇప్పుడు ఆలోచించండి. చుక్కలు పెట్టింది ఒకరు, ఫోన్‌తో. గీతలు గీసింది ఇంకొకరు, రోవర్‌తో. ఈ రెండింటినీ ఒకే పటం మీద పెట్టినప్పుడు అవి కలవవు. కలవకపోవడం వింత కాదు, కలిస్తేనే వింత. కలపాల్సింది మూడో మనిషి. అతను ఎక్కడో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. మన ఖబరస్తాన్ ఎప్పుడూ చూసి ఉండడు. అతని ముందు ఒక బటన్ ఉంటుంది. క్యూజిఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాని బొమ్మ అయస్కాంతం. ఆ పనిని స్నాపింగ్ అంటారు. దగ్గర్లో ఉన్న గీతకి చుక్కని లాగి అతికించడం.

నా రాయ్ సూటిగా చెప్తాను. ఆ అయస్కాంతం వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. ఏ చుక్క కదలాలి, ఏ గీత కదలాలి, ఎంత దూరం కదలాలి అన్నది సాఫ్ట్‌వేర్‌కి వదిలేసే మసలా కాదు. అది హద్దు మసలా. హద్దు విషయంలో గవాహీ ఇవ్వాల్సింది నేలమీద నడిచిన మనుషులు.

హద్దు మన మాటే

తెలుగు రైతు నోట రోజూ నలిగే "హద్దు" అరబీ "హద్" నుంచి వచ్చింది. "సరిహద్దు" కూడా అక్కడిదే. హక్కు, ఖాతా, దస్తావేజు, తహసీల్దారు, ఫసలీ, జమాబందీ, దాఖలా, నకలు... రెవెన్యూ ఆఫీసు గుమ్మం తొక్కితే వినపడే మాటల్లో సగం మన ఇంటి మాటలే. పాత ఉర్దూ దస్తావేజుల్లో "హుదూదె అర్బా" అని రాసేవారు, నాలుగు హద్దులు అని అర్థం. తెలుగు దస్తావేజుల్లో దాన్నే చెక్కుబందీ అంటారు. తూర్పున ఫలానా వారి పొలం, దక్షిణాన పుంత, పడమట పంట బోదె, ఉత్తరాన కాలవ గట్టు. ఇది చుక్క భాష కాదు, లకీర్ల భాష. మన బుజుర్గులు జాయిదాద్‌ని ఎప్పుడూ నాలుగు గీతల మధ్య చెప్పారు గానీ ఒక్క చుక్కగా చెప్పలేదు.

అల్ బిరూనీ పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు ఎలా తేల్చాలో ఆయన 1025లో ఒక కితాబ్ పూర్తి చేశాడు. గజనీ నుంచి ఖిబ్లా ఎటు అన్నది ఆయన ముందున్న సవాల్. ఆ కితాబ్ పేరులో మొదటి మాట "తహ్దీద్". హద్దు కట్టడం అని దాని అర్థం, హద్ ధాతువులోంచే పుట్టింది. ఒక చుక్క నుంచి మక్కా వైపు గీత సరిగ్గా గీయాలంటే ముందు ఆ చుక్క ఎక్కడుందో సరిగ్గా తెలియాలి. వెయ్యేళ్ళ కిందటి ఈ ఇల్మ్‌నే ఇవాళ మన పిల్లలు జిఐఎస్ అని కొత్తపేరుతో చదువుతున్నారు.

మన దక్షిణాది కథ కూడా తక్కువది కాదు. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే దేశం మొత్తాన్ని కొలిచింది. తర్వాత ఎవరెస్ట్ దొర కాలంలో ఆ సర్వే పరికరాలను బాగుచేసి నిలబెట్టిన ఉస్తాద్ ఆర్కాటు నుంచి వెళ్ళిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. కొలత పని మనకి పరాయిది కాదని చెప్పడానికే ఈ రెండు పేర్లూ తీశాను. పరాయిది అనుకుని దూరం కూర్చోవడమే ఇవాళ మన ముష్కిల్.

ఫోన్ చుక్క ఎంత నిజం?

ఆకాశం బాగా కనపడే చోట మామూలు ఫోన్ చూపించే చోటుకీ, మనం నిజంగా నిలబడ్డ చోటుకీ ఐదు మీటర్ల దాకా తేడా ఉంటుంది. చింతచెట్ల కింద, మినార్ పక్కన, డాబాల మధ్య ఇంకా పెరుగుతుంది. ఫోన్ అబద్ధం చెప్పడం లేదు, దాని తాకత్ అంతే. ఆ నీలం చుక్క చుట్టూ లేత రంగు వలయం కనపడుతుంది చూడండి, "నేను ఈ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు" అని అది చెప్తున్నట్టు లెక్క. పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు ఆ వలయం పోతుంది, చుక్క మిగులుతుంది. అనుమానం పోయి ఖచ్చితం అన్న ముసుగు మిగులుతుంది.

అంకెల దగ్గర ఇంకో తంటా. ఉయ్యూరు దాదాపు 16.37 అక్షాంశం, 80.85 రేఖాంశం దగ్గర ఉంది. దశాంశం తర్వాత మూడు అంకెలే రాస్తే నూటపదకొండు మీటర్ల మేర ఎక్కడైనా కావచ్చు. నాలుగు రాస్తే పదకొండు మీటర్లు. ఐదు రాస్తే ఒక మీటరు పైచిల్లర. రెండంకెలకే ఆపేస్తే కిలోమీటరు దాటిపోతుంది, ఊరు దాటిపోతుంది. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం రాశారా, మీ మసీదు ఉత్తర ధ్రువ సముద్రంలో తేలుతుంది. డిగ్రీలు-నిమిషాల లెక్కకీ దశాంశాల లెక్కకీ తేడా తెలియక 16 డిగ్రీల 22 నిమిషాలను 16.22 అని కొట్టేస్తే చుక్క పదహారు కిలోమీటర్లు దక్షిణానికి దిగుతుంది. ఇవి నవ్వుకునే తప్పులు, తొందరగానే దొరుకుతాయి. దొరకని తప్పులు మాత్రం ఐదు మీటర్లు, పది మీటర్లవి. పటం మీద అవి సరిగ్గానే కనపడతాయి.

ఐదు మీటర్లే కదా అనకండి. అరవై మీటర్ల పొడవున్న ఖబరస్తాన్ హద్దు ఐదు మీటర్లు లోపలికి జరిగితే మూడువందల చదరపు మీటర్లు, అంటే ఏడు సెంట్లకు పైగా పోతుంది. ఏడు సెంట్ల కోసం మన వైపు అన్నదమ్ములు ఎన్నేళ్ళు కోర్టు మెట్లెక్కారో మీకు తెలుసు. అక్కడ నిద్రపోతున్న వాళ్ళు కోర్టుకి రాలేరు.

డెల్టాలో అయస్కాంతం

ఇక అసలు సంగతి. స్నాపింగ్ బటన్ నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ చేసేది చాలా సాదా పని. ప్రతి చుక్క చుట్టూ మనం చెప్పినంత దూరం వెతుకుతుంది. ఆ దూరాన్ని టాలరెన్స్ అంటారు. అంతలోపల ఏ గీత అన్నిటికన్నా దగ్గరగా ఉంటే దానిమీదికి చుక్క నుంచి లంబంగా దింపి అతికిస్తుంది. దగ్గరగా ఉన్నదే నిజమైనది అని దాని నమ్మకం. దస్తావేజులో ఏముందో, ఆ గీత కాలవదో గట్టుదో దానికి పట్టదు.

రాయలసీమ మెట్టలో ఈ నమ్మకం చాలాసార్లు సరిపోవచ్చు. కృష్ణా డెల్టాలో సరిపోదు. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఈ నేల మొత్తం కాలవల అల్లిక. ఉయ్యూరు వైపు పుల్లేరు కాలవ వెంట ఒకసారి కళ్ళు తెరిచి నడవండి. నీళ్ళు, దాని పక్కన గట్టు, గట్టు మీద దారి, దారి పక్కన పంట బోదె, దాని అవతల పొలం గట్టు, ఇంకాస్త దూరంలో మురుగు కాలవ. అన్నీ ఒకదాని పక్కన ఒకటి, జమాత్‌లో సఫ్ కట్టినట్టు, కొన్ని మీటర్ల ఎడంతో సాగుతాయి. ఇక్కడ టాలరెన్స్ పది మీటర్లు పెట్టి బటన్ నొక్కితే చుక్క ఏ గీతకి అతుక్కుంటుందో అల్లాహ్‌కే మాలూమ్. ఖబరస్తాన్ మూల రాయి పొలం గట్టు మీద ఉండాల్సింది, బోదె మీదికి పోతుంది. బోదె సర్కారుది.

రోడ్డు పక్కన ఇంకో ప్రమాదం. విజయవాడ నుంచి బందరు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగా పోతుంది. నేలమీద దానికి వెడల్పు ఉంది. చాలా పటాల్లో మాత్రం రోడ్డంటే మధ్యలో గీసిన ఒక్క లకీర్, వెడల్పు సున్నా. రోడ్డు పక్కనున్న దర్గా చుక్కని "దగ్గరి రోడ్డుకి కలుపు" అని ఆజ్ఞ ఇస్తే ఏమవుతుంది? చుక్క రోడ్డు అంచుకి పోదు, సరిగ్గా నడి రోడ్డుకి పోతుంది. ఆ పటాన్ని అచ్చు తీసి బల్ల మీద పెట్టిన అధికారికి కనపడేది ఏమిటి? జాతీయ రహదారి నడుమ ఒక దర్గా. ఆక్రమణ! అక్కడ ఎవరూ ఏదీ ఆక్రమించలేదు. ఒక బటన్ చేసిన పని అది.

ఇది ఊహాగానం అని కొట్టిపారేయకండి. కొత్త చట్టంలో వాడుక ద్వారా వక్ఫ్ అయిన పాత ఆస్తుల రక్షణ ఒక షరతు మీద నిలబడి ఉంది. ముందే రిజిస్టర్ అయి ఉండాలి, అది వివాదంలోనో సర్కారు భూమిలోనో ఉండకూడదు. సర్కారు భూమి మసలాలో కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15న తాత్కాలికంగా ఆపింది, నిజమే. కానీ వివాదం లేవడానికి ఒక పటం చాలు. పది మీటర్లు జారిన చుక్క "ఇది కాలవ పోరంబోకులో ఉంది" అన్న ఒక్క వాక్యానికి ఆధారం అయిపోతుంది. ఆ తర్వాత అది తప్పని రుజువు చేసే బరువు మనమీద పడుతుంది. సచార్ కమిటీ 2006లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో రిజిస్టర్ అయిన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, భూమి దాదాపు ఆరు లక్షల ఎకరాలు. ఇన్ని లక్షల చుక్కల్లో ఏది జారిందో ఒక్కొక్కటీ చూసే తీరిక ఏ ఆఫీసుకి ఉంటుంది? చూడాల్సింది దాని పక్కన నివసించే వాళ్ళే.

అయితే కలపడమే తప్పా?

కాదు. ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. చుక్కని గీతతో కలపాల్సిన చోట కలపకపోతే అదీ నష్టమే. కాలవ మీది తూము చుక్క కాలవ గీత మీదే ఉండాలి. రెండు మీటర్లు పక్కకి ఉంటే, ఆ తూము కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయని అడిగితే కంప్యూటర్ "ఈ తూముకి కాలవే లేదు" అంటుంది. కరెంటు స్తంభం తీగ గీత మీద ఉండాలి. నీళ్ళ పైపు వాల్వ్ పైపు గీత మీద ఉండాలి. ఇద్దరు రైతుల మధ్య గట్టు ఒక్కటే గీతగా ఉండాలి. ఇద్దరికీ వేరువేరుగా గీస్తే మధ్యలో ఎవరికీ చెందని సందు పుడుతుంది, లేదా ఇద్దరికీ చెందే అతివ్యాప్తి పుడుతుంది. రెండూ తగువు విత్తనాలే. అందుకని స్నాపింగ్‌ని హరామ్ చేయమని నేను అనడం లేదు.

నేను అడిగేది తేడా చూడమని. చుక్కల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి నిషాన్ చుక్క, "ఇక్కడెక్కడో ఉంది" అని చెప్పేది, ఫోన్‌తో పెట్టింది. రెండోది కొలత చుక్క, సర్వే రాయి నెత్తిమీద రోవర్ పెట్టి తీసింది. నిషాన్ చుక్క గీతని చూసి కదలొచ్చు. కొలత చుక్క కదలకూడదు, గీతే వచ్చి దాన్ని తాకాలి. రాయి చుట్టూ గీత తిరగాలి గానీ గీత కోసం రాయి నడవకూడదు. గీతల్లోనూ రెండు రకాలు. రోవర్‌తో మూల మూల తిరిగి గీసిన గీత వేరు, డ్రోన్ ఫొటో చూసి కుర్చీలో కూర్చుని గీసిన గీత వేరు. డ్రోన్‌కి గట్టు కనపడుతుంది, గట్టు మీద నీడ కనపడుతుంది. చెట్ల కింద కలిసిపోయిన ఖబరస్తాన్ అంచు కనపడదు. దీనికి ఉసూల్ ఒక్కటే: ఎక్కువ నమ్మకం ఉన్నది నిలబడాలి, తక్కువ నమ్మకం ఉన్నది కదలాలి.

పాత సర్వే వాళ్ళకి ఈ ఉసూల్ తెలుసు. వాళ్ళు గొలుసుతో కొలిచారు. గొలుసు అంటే అరవై ఆరు అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎఫ్ఎంబీ పటం తీసి చూడండి, రాయి నుంచి రాయికి గీత, ఆ గీత నుంచి పక్క మలుపులకి లింకుల్లో కొలతలు. ముందు రాయి, తర్వాత గీత. పటంలోని విస్తీర్ణం ఒకటి చెప్పి, దస్తావేజులోని హద్దులు ఇంకొకటి చెప్తే మన కోర్టులు మామూలుగా హద్దులకే పెద్దపీట వేస్తాయి. ఎందుకంటే హద్దు కళ్ళతో చూడగలిగింది, విస్తీర్ణం లెక్కతో తేల్చింది.

మనవైపు కూడా హిసాబ్ ఉంది

ఇక్కడ ఒక చేదుమాట. చుక్క అటు జారినప్పుడు గోల పెట్టి, ఇటు జారినప్పుడు మౌనంగా ఉంటే అది దీన్‌దారీ కాదు. జానెడు నేల జులుమ్‌గా కలుపుకున్నవాడికి ఏడు భూముల బరువు మెడకి పడుతుందన్న హదీస్ భావం మన పిల్లలకి కూడా కంఠతా వచ్చు. అది ముతవల్లీకి కూడా వర్తిస్తుంది. పక్క రైతు గట్టు మన గీతలోకి వచ్చిందని తెలిస్తే మనమే లేచి చెప్పాలి. అలా చెప్పిన జమాత్ మాటకి, రేపు తన గట్టు పోయిందని చెప్పినప్పుడు ఊళ్ళో విలువ ఉంటుంది.

అందుకే హద్దు నడిచేటప్పుడు పక్క పొలాల వాళ్ళని పిలవండి. మన ఊళ్ళల్లో ఖబరస్తాన్ పక్కన చేను దున్నుకునే అన్నకి ఆ మూల రాయి ఎక్కడుందో చాలాసార్లు మనకన్నా బాగా తెలుసు. ఆయన తండ్రి చెప్పి ఉంటాడు. ఆయన్ని "రండన్నా, ఒకసారి గట్టు చూద్దాం" అని పిలిస్తే కాదనడు. ఆయన సంతకం ఉన్న కాగితం ఏ ఉపగ్రహం ఇచ్చే అంకె కన్నా తక్కువ కాదు.

ఇంటి చెక్క కూడా ఇదే కథ

ఇది వక్ఫ్ ముచ్చట, మనకెందుకు అనుకునే ఇళ్ళు కూడా ఉంటాయి. రీసర్వేలో ప్రతి కమతానికీ ఎల్‌పీఎం నంబరు వస్తుంది. కొన్ని ఊళ్ళల్లో విడివిడిగా ఉండాల్సిన వాటాలని ఒకే నంబరు కింద కలిపి జాయింట్ ఎల్‌పీఎం చేశారన్న ఫిర్యాదులు రాష్ట్రం నిండా వచ్చాయి. దీని దెబ్బ మన ఇళ్ళల్లో ముందు ఎవరికి తగులుతుంది? విరాసత్‌లో వాటా రాసుకున్నా గట్టు వేసుకోని అక్కచెల్లెళ్ళకి. షరియత్ ఇచ్చిన హిస్సా కాగితం మీద ఉంది, నేలమీద గట్టు లేదు. డ్రోన్‌కి గట్టు కనపడకపోతే గీత రాదు. గీత రాకపోతే ఆపా వాటా భాయిజాన్ వాటాలో కలిసిపోతుంది. ఎవరూ దగా చేయలేదు, ఒక లకీర్ పడలేదు, అంతే. అందుకే వాటా పంచుకున్నాక నేలమీద గట్టు వేయండి, రాయి పాతండి. అది అక్కచెల్లెళ్ళ అమానత్.

ఏం చేయాలి?

మొదటిది, ఒక్క చుక్కతో సరిపెట్టుకోవద్దు. పోర్టల్ ఒక చుక్కే అడిగినా జమాత్ దగ్గర నాలుగు మూలల కొలతలూ ఉండాలి. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో రోవర్ పెట్టించండి. అంత ఖర్చు పెట్టలేని చిన్న మసీదు అయితే ఫోన్‌తోనే ప్రతి మూల దగ్గరా ఆగి, కాసేపు నిలబడి, వేరువేరు రోజుల్లో రెండు మూడుసార్లు తీసి రాసుకోండి. దశాంశం తర్వాత ఆరు అంకెలు రాయండి. పక్కనే తేదీ, ఫోన్ చూపించిన తేడా మీటర్లలో రాయండి.

రెండోది, పోర్టల్‌లో పెట్టే చుక్కని గేటు దగ్గరో గోడ మూలనో పెట్టకండి. స్థలం నడిమధ్యలో పెట్టండి. నాలుగు వైపులా ఎడం ఉంటే ఐదు మీటర్లు జారినా మన హద్దులోనే పడుతుంది. ఒక్క పైసా ఖర్చు లేని హిఫాజత్ ఇది.

మూడోది, పాత గజెట్‌లోని హుదూదె అర్బాని ఇవాళ్టి పేర్లతో పక్కపక్కన రాసి పెట్టండి. అందులో "పుంత" అని ఉన్నది ఇప్పుడు సిమెంటు రోడ్డు అయి ఉంటుంది. "ఫలానా వారి చేను" ఇప్పుడు ప్లాట్లు అయి ఉంటుంది. ఆ మార్పు తెలిసిన చాచాలు ఇంకా బతికున్నప్పుడే కూర్చోబెట్టి అడగండి.

నాలుగోది, గ్రామసభలో రీసర్వే పటం పెట్టినప్పుడు వెళ్ళండి. జుమా రోజు అయితే నమాజ్ తర్వాత వెళ్ళండి, మొత్తానికి వెళ్ళండి. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద తుది ప్రకటన వెలువడ్డాక సివిల్ కోర్టులో దావా వేయడానికి ఇచ్చింది మూడేళ్ళే. ఊరంతా నిద్రపోయి నాలుగో ఏడు లేస్తే జవాబు ఉండదు.

సర్కారుని అడగాల్సినవి కూడా ఉన్నాయి, అదీ ముక్తసర్‌గా చెప్తాను. చుక్కని కదిపితే కదపకముందు అంకెలు కూడా రికార్డులో ఉండాలి. ఎన్ని మీటర్లు కదిలింది, ఏ గీతకి అతికించారు, టాలరెన్స్ ఎంత పెట్టారు అన్నది పటం అంచున రాయాలి. డెల్టా ఊళ్ళల్లో టాలరెన్స్ పక్కపక్క గీతల ఎడంలో సగానికి మించకూడదు. రోడ్డునీ కాలవనీ ఒక్క గీతగా కాకుండా వాటి నిజమైన వెడల్పుతో గీశాకే పక్క ఆస్తుల చుక్కల జోలికి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, కదిపినట్టు ఆ ఆస్తి చూసేవాళ్ళకి ఒక నోటీసు ఇవ్వాలి. ఇందులో ఏ ఒక్కటీ మనకోసం ప్రత్యేకంగా అడిగే రియాయత్ కాదు. రామాలయం మాన్యానికీ, చర్చి స్థలానికీ, పేద రైతు అరెకరానికీ ఇదే కావాలి.

చివరిగా మన నౌజవాన్‌లకి. బీటెక్ చదివి బెజవాడలో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. క్యూజిఐఎస్ ఉచితం, 2002లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది, ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు. రెండు ఆదివారాలు కూర్చుంటే చుక్క పెట్టడం, గీత గీయడం, అయస్కాంతం ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో తెలిసిపోతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. టాలరెన్స్‌ని పిక్సెళ్ళలో పెడితే, పటాన్ని దూరం జరిపి చూసినప్పుడు అదే పిక్సెళ్ళు పదుల మీటర్లు అవుతాయి. మీటర్లలో పెట్టండి. పని మొదలుపెట్టే ముందు అసలు చుక్కల నకలు ఒకటి దాచండి. మీ తాత జనాజాని మోసుకెళ్ళిన ఖబరస్తాన్‌తో మొదలుపెట్టండి. ఈ పనికి సదర్ పదవి అక్కర్లేదు, చందా అక్కర్లేదు. ఎండ తగ్గాక అసర్ తర్వాత ఒక గంట, చేతిలో ఫోన్, పక్కన గట్టు తెలిసిన ఒక పెద్దమనిషి ఉంటే చాలు.